మిగిలిన ముప్పై రాడ్లు

సోమప్ప చివరి ఎస్సెమ్మెస్‌లో మాటలేవీ లేవు. ఒకే ఒక్క అంకె ఉంది: 15.

అది పంపిన ఇరవై నిమిషాలకు, తనకల్లు దాటాక, నంబరు ప్లేటు లేని లారీ ఒకటి అతని మోటార్ సైకిల్‌ను గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. పోలీసు రికార్డులో అది యాక్సిడెంట్. హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసులో మాత్రం దాన్ని హత్య అనే రాసుకున్నారు. సోమప్ప బోరు లారీ డ్రైవరు. నెల రోజులుగా ఆ ఆఫీసుకు ఇన్ఫార్మరు.

"పదిహేను. కోడ్ బుక్‌లో దీనికి అర్థం లేదు," అన్నాడు డైరెక్టర్ చైతన్య. "నీకేమైనా తడుతోందా గిరీ?"

"లేదు సార్."

2007 మే నెల. గదిలో ఏసీ చెడిపోయి వారమైంది. డైరెక్టర్ చెమట తుడుచుకుని ఫైలు తెరిచాడు.

"టార్గెట్ ధారా డ్రిల్లర్స్. కరువు రైతులకు ఉచితంగా బోర్లు వేసే కంపెనీ. దాని వెనకున్నది దుబాయ్‌లో కూర్చుని డంకన్ అనే పేరుతో తిరిగే విదేశీయుడు. అతనిది డ్రగ్స్ సొమ్ము."

"ఉచితంగా వేస్తే అతనికేం లాభం?"

"రైతు చేత ఒక రసీదు మీద సంతకం పెట్టిస్తారు. సబ్సిడీ కాగితం అంటారు. అందులో తొమ్మిది వందల అడుగులు తవ్వినట్టు, రైతు అరవై వేలు కట్టినట్టు ఉంటుంది. ఆ అరవై వేలు డంకన్ క్యాష్. రైతు పేరు మీద బ్యాంకులో పడి కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. మూడు జిల్లాల్లో నాలుగు వేల బోర్లు. ఇరవై నాలుగు కోట్లు."

"లోతు కొలిస్తే దొరికిపోతారు కదా?"

"కొలిచాం. మూడు వందల అడుగుల దగ్గర తాడు ఆగింది. లోపల మట్టి కూలిందన్నాడు వాళ్ల లాయరు. ఎండిన బోరులో ఏం జరిగిందో ఎవడు చూడొచ్చాడు?"

గిరి పుట్టింది ఆ జిల్లాలోనే. ఎండిన బోర్లు అతనికి కొత్త కాదు.

"పద్దెనిమిదో తేదీ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కొత్త బోరు రిగ్గుల కొనుగోలు పేరుతో డబ్బంతా దుబాయ్ వెళ్తోంది. ఫ్రీజ్ ఆర్డర్ నా సొరుగులో ఉంది. రసీదులు అబద్ధమని రాతపూర్వకంగా ఒక్క సాక్ష్యం కావాలి."

"డబ్బు వెళ్లిపోతే?"

"కాగితాలు మిగులుతాయి. కాగితాల మీద ఉన్నవాళ్లు మనకు మిగులుతారు." డైరెక్టర్ కొన్ని జిరాక్సులు ముందుకు తోశాడు. ముప్పై ఒక్క రసీదులు. అన్నిటి కిందా ఒకటే సాక్షి సంతకం, వంకర టింకరగా: ఆంజినమ్మ, బండకిందపల్లి, కుందుర్పి మండలం. "మహిళా సంఘం లీడరు. కంపెనీ రికార్డులో ఈమెను కలెక్షన్ ఏజెంటుగా చూపించారు. కేసు పెడితే మొదటి ముద్దాయి, ఎ-వన్, ఈమే."

"ఆమెకు తెలియకుండా చేసుంటే?"

"దొంగసొమ్మని తెలిసి చెయ్యి కలిపితేనే నేరం. చట్టం అంతవరకు మంచిదే. కానీ తెలియదన్న సంగతి ఆమె రుజువు చేసుకోవాలి. తెలియకపోవడాన్ని ఎలా రుజువు చేస్తావయ్యా? ఏడేళ్ల దాకా పడొచ్చు."

టెక్నికల్ సెక్షన్ మనిషి వచ్చి బల్ల మీద ఒక కొబ్బరికాయ పెట్టాడు. లోపల ట్రాన్స్‌మిటర్, కెమెరా. ఖరీదు లక్షా ఎనభై వేలు. గిరి వేషం నీళ్ల పాయింట్లు చూసే బసప్ప. అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని పొలంలో నడవాలి. నీళ్లున్న చోట అది లేచి నిలబడాలి.

"కొబ్బరికాయ జాగ్రత్త," అన్నాడు టెక్నికల్ మనిషి.

"టెంకాయ అనాలి. ఆ జిల్లాలో కొబ్బరికాయ అన్నానంటే దొరికిపోతాను."

"కంపెనీ లోపల మనకొక సోర్సు ఉంది. కోడ్ నేమ్ మబ్బు," అన్నాడు డైరెక్టర్. "మబ్బు నిన్ను 'మీ పక్క వానొచ్చిందా' అని అడుగుతుంది. నువ్వు 'చినుకు కూడా లేదు' అనాలి. ఎవరికీ అనుమానం రాదు."

చివరగా ఒక ఫారం. అనుకోనిది జరిగితే ఎవరికి తెలియజేయాలి అనే గడిలో, పదమూడేళ్లుగా గీస్తున్నట్టే, గిరి ఒక గీత గీశాడు.

*

ఆ కోడ్ పెట్టిన మహానుభావుడు జన్మలో అనంతపురం చూసి ఉండడు. రైలు దిగి బయటికి రాగానే ఆటోవాడు అడిగాడు: "ఏమన్నా, మీ పక్క వానొచ్చిందా?" కళ్యాణదుర్గం బస్సులో కండక్టరు అడిగాడు. కుందుర్పిలో టీ కొట్టు నాగప్ప అడిగాడు. గిరి కోడ్ ప్రకారం చినుకు కూడా లేదన్నాడు. "మా పక్కా అంతేలేప్పా," అని అందరూ నిట్టూర్చారు. పల్లె చేరేలోపు ఏడుగురు సీక్రెట్ ఏజెంట్లు తగిలినట్టయింది.

బండకిందపల్లిలో సగం ఇళ్లకు తాళాలు. జనం బెంగళూరు కూలి పనులకు పోయారు. ఆంజినమ్మ మొగుడు తిప్పయ్య కూడా అట్లా పోయినవాడే, మూడేళ్లయింది. ఆమె, నాలుగు మేకలు, ఎండిన బోరు ఒకటి మిగిలారు.

"టెంకాయ బసప్పవా? రా అప్పా. మేకల కొట్టం పక్కన వసారా ఖాళీగా ఉండాది, పడుకో. సంగటి నేను పెడతా. పాయింటు కూలి మాత్రం నీళ్లు పడినాకే."

"సరేమ్మా."

"అందరూ సరే అంటారు, తెల్లారేసరికి దుడ్లు అడుగుతారు. నువ్వట్ల కాదు కదా?"

గిరికి ఆ గొంతు విని ఏదో అయింది. ఒకరు తనను అట్లా నిలదీసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. ఆ పూట సంగటి, చెనక్కాయల చట్నీ తిని తన ప్లేటు తనే కడిగి బోర్లించాడు.

మరుసటి రోజు నల్ల జీపు వచ్చింది. నందిని దిగింది. ధారా డ్రిల్లర్స్ మేనేజరు. ఆ ఎండలో పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, దుమ్ముకు కూడా భయం పుట్టించే నడక. ఊరంతా చూస్తుండగా బసప్ప దగ్గరికొచ్చి కళ్లద్దాలు తీసింది.

"మీ పక్క వానొచ్చిందా?"

"చినుకు కూడా లేదు."

"ఎనిమిదోసారి చెప్తున్నట్టున్నారు," అంది గొంతు తగ్గించి. "నేనే మబ్బు. శాటిలైట్ ఫోను నా జీపులో ఉంది. కుందుర్పి ఎస్టీడీ బూత్ కంపెనీ మనిషిది, అటు పోవద్దు."

ఆమె నవ్వుకు గిరి కూడా నవ్వాడు. ఆ పది రోజుల్లో ఆమె నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు మాత్రం అతను గిరి. మిగతా వేళంతా బసప్ప. నిజం చెప్పాలంటే, జీపు దుమ్ము కనబడితే అతని ప్రాణం లేచొచ్చేది.

బుధవారం ఆంజినమ్మ తన ఎండిన బోరు దగ్గరికి తీసుకెళ్లింది. "ఇంకా కిందికి పోతే నీళ్లుండాయో లేదో చూడప్పా."

గిరికి నీళ్ల సంగతి ఏం తెలుసు? కానీ ఆమె కళ్లు కాయ మీదే ఉన్నాయి. లేవని చెప్పడానికి నోరు రాలేదు. మణికట్టు కొంచెం తిప్పాడు. కాయ లేచి నిలబడింది.

"ఉండాయమ్మా. ఇంకా కింద ఉండాయి."

ఆంజినమ్మ కాయను రెండు చేతులా అందుకుంది, కళ్లకద్దుకుంది. పాయింటు చెప్పిన టెంకాయను గంగమ్మకు కొట్టకుండా ఉంటారా? గిరికి ఆ సంగతి గుర్తొచ్చేలోపే అది బండ మీద రెండు ముక్కలైంది. నీళ్లు రాలేదు. సన్నటి తీగ ఒకటి బయటికొచ్చి వేలాడింది.

"ఒట్టి కాయ," అని ఆమె ముక్కలు కొంగులో వేసుకుని ఇంటికి నడిచింది. లక్షా ఎనభై వేలు ఆ కొంగులో వెళ్లిపోయాయి. కెమెరా పోయింది. హైదరాబాదు పోయింది. గిరికి ఇక మిగిలింది నందిని ఒక్కతే.

*

గురువారం సంగటి తింటూ తలుపు పక్క ఎర్రమట్టి గోడను చూశాడు. సున్నం బొట్లు. వరసగా, ఒకదాని కింద ఒకటి. పనేమీ లేక లెక్కపెట్టాడు. పదిహేను.

చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"అమ్మా, ఈ బొట్లేంది?"

"రాడ్లప్పా. బోరు లారీ రాడ్లు. ఒక్కోటి ఇరవై అడుగులు. లోపలికి ఒక రాడ్డు దిగితే ఈడ ఒక బొట్టు. బోరు వేసేటప్పుడు ఏ ఇంట్లో అయినా ఒకరు కూసొని లెక్కబెట్టాల్సిందే. లేకుంటే వాళ్లు ఊరికే అడుగులు పెంచి చెప్పరా?"

"ఇది ఉచితం బోరు కదా. లెక్కెందుకు?"

"ఊరికే ఇచ్చేవాడైతే ఇంకా గట్టిగా లెక్కబెట్టాల," అంది ఆమె, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసి. "పదహైదు దించి లారీ ఎత్తేసినారు. అందరి ఇండ్లలో అంతే. నేను ఊరుకోలేదులే, ఏం చేస్తినంటే..."

గిరి అప్పటికే లేచాడు. "మళ్లీ చెబుదువులేమ్మా!"

ఇల్లిల్లూ తిరిగాడు. తాళం వేసిన ఇళ్ల గోడల మీద కూడా బొట్లు ఉన్నాయి. ముప్పై ఒక్క ఇళ్లు, పదిహేనేసి బొట్లు. మూడు వందల అడుగులు. రసీదులో తొమ్మిది వందలు, అంటే నలభై ఐదు రాడ్లు. మట్టి కూలిందని లాయరు ఎంత అరిచినా, దిగని రాడ్డుకు బొట్టు ఎవరు పెడతారు? డంకన్ నాలుగు దేశాల ఆడిటర్లను మోసం చేశాడు గానీ, అనంతపురం ఆడవాళ్లు రాడ్లు లెక్కపెడతారన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు. సోమప్పకు తెలిసింది. చెప్పబోయి చచ్చిపోయాడు.

సాయంత్రం జీపు రాగానే గిరి పరుగెత్తాడు. అంతా చెప్పాడు. అవసరమైన దానికంటే ఎక్కువే చెప్పాడు. ఆంజినమ్మ జైలుకు పోకుండా ఉంటుందని, తనకు ఎన్నడూ లేనంత సంతోషంగా ఉందని కూడా చెప్పాడు.

"ఫోటోగ్రాఫర్ రేపు పొద్దున్నే వస్తాడు," అంది నందిని, కళ్లద్దాలు పెట్టుకుంటూ.

శుక్రవారం పొద్దున్నే వచ్చింది ఫోటోగ్రాఫర్ కాదు, సున్నం లారీ. ఇరవై మంది కూలీలు, బకెట్లు, కుంచెలు. ధారా డ్రిల్లర్స్ వారి కానుక, ఊరంతటికీ ఉచితంగా వెల్ల. తొమ్మిదిన్నరకు ముప్పై ఒక్క ఇళ్లూ పాలలా మెరిసిపోతున్నాయి. ఒక్క బొట్టు లేదు.

గిరి వసారాలో కూలబడ్డాడు. మబ్బు తమది కాదు, డంకన్‌ది. ఆమెకు చెప్పింది తనే. పదమూడేళ్లు నోరు కట్టుకుని బతికినవాడు, మాట్లాడే మనిషి దొరికిందని పిచ్చివాడిలా వాగాడు. ఆ వాగుడుకు శిక్ష ఆంజినమ్మ అనుభవించాలి. అతనికి ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

"ఏమప్పా, గోడకు సున్నం వేస్తే ఏడుస్తారా?" ఆంజినమ్మ ఎదురుగా కూర్చుంది. కొంగులోంచి కాయ ముక్కలు తీసి నేల మీద పెట్టింది. "టెంకాయలో తీగలు ఉండవని నాకు తెల్దా? నువ్వు పోలీసోనివో దొంగోనివో అని రెండు దినాలు ఆలోచన చేస్తి. తిన్న ప్లేటు కడిగి పెడతాండావు, దొంగోనివి కాదులే అనుకుంటి. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"

గిరి చెప్పాడు. రూల్స్ అన్నీ పక్కన పెట్టి చెప్పాడు. ఆ సంతకాల వెనక ఉన్న సొమ్మేమిటో, నాలుగింటికి ఏం జరుగుతుందో, ఆమె మీద ఏం కేసు వస్తుందో చెప్పాడు. ఆమె మేకల వైపు చూసింది.

"బొట్లు ఉంటే నేను బయటపడతాంటినా?"

"బొట్లుంటే చాలు. ఏదైనా రాతలో ఉంటే..."

"నిన్న చెప్పబోతే వింటివా నువ్వు? మళ్లీ చెబుదువులే అని ఎగిరి పోతివి!" ఆమె వక్కాకు సంచి విప్పి, తమలపాకుల మధ్యలోంచి నాలుగు మడతల చీటీ ఒకటి తీసింది. "అర్జీ రసీదు. అనంతపురం కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు కదా, ఫిబ్రవరిలో పోయి ఇచ్చినా. కాగితంలో నలభై ఐదు రాడ్లు రాసి పదహైదే దించినారు, మిగిలిన ముప్పై రాడ్లు దించమని మీరైనా వాళ్లకు చెప్పండి సారూ అని. ముప్పై ఒక్క ఇండ్ల లెక్క, తేదీలతో సహా రాయించినా. ఇంతవరకూ జవాబు లేదు."

గిరికి నవ్వొచ్చింది. ఏడుపు ఆరకముందే నవ్వు. దొంగలతో చెయ్యి కలిపిన మనిషెవరైనా, దొంగతనం సగంలోనే ఆపేశారని సర్కారుకు అర్జీ పెట్టుకుంటారా? రాడ్ల లెక్కకు రాత దొరికింది. ఆమెకు తెలియదనడానికి ఇంతకంటే రుజువు ఏ లాయరూ తేలేడు.

పది గంటలైంది. అనంతపురం నూరు కిలోమీటర్ల పైమాటే. సున్నం లారీ ఖాళీగా తిరిగిపోతోంది. ఆంజినమ్మ రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. "అన్నా, కూలి పనికి పోతాండాం, టౌను దాకా ఎక్కించుకో."

డంకన్ సొమ్ముతో వచ్చిన లారీ వాళ్లిద్దరినీ ఎక్కించుకుంది. దారిలో రెండుసార్లు టైరు పంక్చరైంది. టౌనులో దిగేసరికి రెండున్నర. ఇద్దరూ తల నుంచి కాలి దాకా సున్నమే.

అర్జీల ఆఫీసులో గుమస్తా నారాయణమ్మ రసీదు నంబరు చూసి, కళ్లజోడు సవరించుకుని, "ఇది రాడ్ల అర్జీ కదమ్మా! మేమందరం చదివి నవ్వుకున్నాం," అంది. కట్టలన్నీ దించి వెతికింది. మూడున్నరకు దొరికింది. ఫ్యాక్స్ మెషీన్ మొదటి పేజీ పంపింది. రెండో పేజీ సగంలో ఉండగా కరెంటు పోయింది.

గిరి నారాయణమ్మ ఫోనందుకుని హైదరాబాదు తిప్పాడు. ఇప్పుడు లైను ఎవరు వింటే ఏం?

"సగమే వచ్చింది," అన్నాడు డైరెక్టర్. "మిగతాది?"

"కరెంటు పోయింది సార్. మొదటి పేజీలో ఏమేం ఉన్నాయి?"

"సీలు. తేదీ. పదకొండు ఇళ్ల లెక్క. కింద ఆంజినమ్మ సంతకం." సొరుగు తెరిచిన చప్పుడు వినబడింది. "చాలు. బ్యాంకుకు పో, ఎస్పీకి చెప్తున్నా."

*

బ్యాంకులో జనరేటరు నడుస్తోంది. గాజు గదిలో మేనేజరు ఎదుట నందిని కూర్చుని ఉంది. గోడ గడియారంలో మూడూ యాభై ఆరు. సున్నం బొమ్మలా లోపలికొచ్చిన మనిషిని చూసి ఆమె పెదవి కొసతో నవ్వింది.

"వానొచ్చిందా బసప్పా?"

"చినుకు కూడా లేదు."

"ఆలస్యంగా వచ్చారు. గోడలు ఆరిపోయుంటాయి. సార్, పంపించండి."

మేనేజరు కీబోర్డు మీద వేలు పెట్టాడు. మూడూ యాభై ఎనిమిది. ఫోను మోగింది. ఆయన ఒక చెయ్యి అట్లాగే ఉంచి రెండో చేత్తో ఎత్తాడు. విన్నాడు. "యస్ సార్," అన్నాడు. కీబోర్డు మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ట్రాన్స్‌ఫర్ ఆపమన్నారు మేడమ్. ఖాతా ఫ్రీజ్ చేశారు."

నందిని గుమ్మం వైపు చూసింది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. ఆమె హడావుడి పడలేదు. కళ్లద్దాలు మడిచి బల్ల మీద పెట్టింది.

"సోమప్ప గురించి కూడా అడుగుతారు," అన్నాడు గిరి.

"అడగనివ్వండి. నాకొక్కటి చెప్పండి. గోడల సంగతి నాకెందుకు చెప్పారు? మీ రికార్డు చూశాను, ఎవరితోనూ మాట్లాడని మనిషి మీరు."

"అందుకే," అన్నాడు గిరి.

అయిదున్నరకు కళ్యాణదుర్గం బస్సు. గిరి రోడ్డుకు ఇవతల జ్యూస్ బండి వెనక నిలబడి చూశాడు. పని ముగిశాక బసప్ప ఉండకూడదు. అది రూలు. ఆంజినమ్మ బస్సు కిటికీలోంచి చెయ్యి పెట్టి రెండు సీట్లు పట్టింది. ఒకదాని మీద తను కూర్చుంది. రెండోదాని మీద, లారీలో అతను మరిచిపోయిన టవలు వేసింది. ఎవరో కూర్చోబోతే "మా మనిషి వస్తాండాడు!" అని గదమాయించడం ఇవతలికి వినబడింది. ఆమె తల బయటికి పెట్టి అటూ ఇటూ చూసింది. కండక్టరు ఈల వేశాడు. టవలు వేసిన సీటు ఖాళీగానే పోయింది.

జ్యూస్ బండివాడు గిరిని అడిగాడు: "ఏమన్నా, మీ పక్క వానొచ్చిందా?"

*

ఆగస్టులో డైరెక్టర్ అతన్ని పిలిచాడు. కేసు నిలబడింది. ఆంజినమ్మ ఇప్పుడు ఎ-వన్ కాదు, మొదటి సాక్షి. కొబ్బరికాయ ఖర్చు మాత్రం ఆడిట్ ఒప్పుకోలేదు, దేవతకు కొట్టినట్టు బిల్లు లేదని.

"ఇంకోటుంది," అని ఒక కాగితం ఇచ్చాడు. అనంతపురం సోమవారం అర్జీ. చేతులు మారి మారి ఇక్కడికొచ్చింది. వంకర టింకర సంతకం గిరికి చూడగానే తెలిసింది.

'అయ్యా, మా సంఘం దుడ్లతో వేరే లారీ పెట్టి అదే బోరును లోతుకు దించినాము. పదిహేడో రాడ్డుకే నీళ్లు పడినాయి. కావున మిగిలిన ఇరవై ఎనిమిది రాడ్లు మాకు అక్కరలేదు. పాయింటు చెప్పిన బసప్ప అనే ఆయనకు కూలి ఇవ్వవలసి ఉండాది. ఆయన టవలు మా ఇంట్లో ఉండాది. ఆయనను వెతికి పంపించవలసిందిగా ప్రార్థన.'

గిరి రెండుసార్లు చదివాడు. మణికట్టు తిప్పి ఆడిన అబద్ధం, నీళ్లయి కూర్చుంది.

"జవాబు నువ్వే రాసెయ్," అన్నాడు డైరెక్టర్, తల ఎత్తకుండా.

గిరి రాశాడు: 'సదరు బసప్ప అనే వ్యక్తి ఎవరూ లేరు. అర్జీ ముగించడమైనది.'

"బాగుంది. ఇదిగో, కొత్త అసైన్‌మెంట్. ఫారం నింపు."

గిరి ఫారం నింపాడు. అనుకోనిది జరిగితే ఎవరికి తెలియజేయాలి అనే గడి దగ్గర కలం ఆగింది. ఈసారి గీత గీయలేదు. 'ఆంజినమ్మ, బండకిందపల్లి, కుందుర్పి మండలం' అని రాశాడు. పక్కనే ఇంకో గడి ఉంది, సంబంధం ఏమిటని. చాలాసేపు ఆలోచించి, అందులో 'అర్జీదారు' అని రాశాడు.